ఇంటి పచ్చికలో కలుపు – పాలలో చేదు



మన రాయలసీమలో నీటికి కరువు అంటారు గాని మహానంది వద్ద ఆ మాట చెల్లదు. కోనేటి ఊట ఏడాది పొడుగునా పారి కింది పొలాలను, అరటి తోటలను తడుపుతుంది. తడి ఉన్న చోట గడ్డి, గడ్డి ఉన్న చోట కలుపు తప్పవు. పట్నవాసులు ఇంటి ముందు పచ్చికను కంటికి ఇంపుగా ఉండుటకు పెంచుకుంటారు. మన ఇళ్లలో నీళ్ల తొట్టి పక్కన, దొడ్డి గోడ వెంట, బోరు దగ్గర పెరిగే పచ్చిక ఎనుముకు మేత. కాబట్టి అందులోని కలుపు వారికి అందం చెడగొట్టే మొక్క మాత్రమే. మనకు అది పాల క్యానులోకి వచ్చే వస్తువు.

నేను వ్యవసాయ పట్టభద్రుణ్ణి కాను. సహకార డిప్లొమా చేసి సంఘాల లెక్కల పుస్తకాలు చూచేవాణ్ణి. ఈ కలుపు సంగతి నాకు పట్టుకున్నది కూడా లెక్కల వలననే. ఒక సంఘంలో (ఊరి పేరు అవసరం లేదు) వానాకాలంలో తనిఖీకి వెళ్లగా రెండు పూటల పాలు చేదుగా ఉన్నవని తిరిగి వచ్చినట్లు పుస్తకంలో ఉంది. ఒక సభ్యురాలి పాలే కారణమని తేల్చి, ఏదో కలిపిందని నలుగురూ అనుకొని, ఆమె డబ్బు ఆపి ఉంచారు. లాక్టోమీటరులో, వెన్న పరీక్షలో తప్పు కనిపించలేదు. కనిపించదు కూడా. లాక్టోమీటరు పాల సాంద్రతను చూపుతుంది గాని చేదును చూపదు. ఆమె ఇంటికి వెళ్లి చూచితిని. బోరు దగ్గర చక్కని గరిక పచ్చిక. దాని నడుమ కొత్తిమీర ఆకు వలె చీలిన ఆకులతో, నేలకు అంటుకొని గుండ్రంగా పరచుకున్న లేత వయ్యారిభామ మొక్కలు. కొడవలితో గరికను కోసినప్పుడు అవీ కలిసి తొట్టిలో పడుచున్నవి.

వయ్యారిభామనే కొందరు కాంగ్రెసు గడ్డి అంటారు. ఇది అమెరికా ఖండపు మొక్క. మన దేశంలో 1955 ప్రాంతంలో పుణె వద్ద గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చినదని చెబుతారు. దీనిలో పార్థెనిన్ అనే విషపదార్థం ఉంది. పశువు సాధారణంగా దీనిని వాసన చూసి వదిలివేస్తుంది. కాని మేత కొరత ఉన్నప్పుడు, లేదా కోసిన పచ్చిగడ్డిలో కలిసిపోయినప్పుడు తినక తప్పదు. అప్పుడు పాలు చేదవుతాయి. ఎక్కువ తింటే నోట పుండ్లు, చర్మవ్యాధి వస్తాయి, ప్రాణాపాయం కూడా ఉంది. మనుషులకు దురద, దద్దుర్లు, పుప్పొడి వలన ఉబ్బసం వస్తాయి.

చేదుకు ఇదొక్కటే కారణం కాదని కూడా చెప్పవలెను. పొదుగు వాపు వచ్చినా, ఈత ముగింపుకు వచ్చిన పశువు పాలైనా రుచి మారుతుంది. అందువలన ముందు పొదుగు చూడండి, తరువాత మేత చూడండి, మనిషిని అనుమానించుట ఆ తరువాత.

ఇక ఈ మొక్క బలమంతా విత్తనంలో ఉంది. మొలచిన నెల, నెలన్నరలోపే పూత పడుతుంది. ఒక మొక్క పది వేల నుండి పాతిక వేల వరకు విత్తనాలు రాల్చగలదు. తడి ఉంటే ఏడాదిలో మూడు నాలుగు తరాలు. అంటే పూత వచ్చిన తరువాత పది మొక్కలు పీకుట కంటె, పూతకు ముందు ఒక్క మొక్క పీకుట మేలు. వాన పడిన మరునాడు లేదా నీరు పెట్టిన తరువాత నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో సహా లాగవలెను. కొడవలితో కోస్తే మొదలు నుండి మళ్లీ చిగురిస్తుంది. చేతులకు తొడుగులు, లేనిచో ప్లాస్టిక్ సంచులు కట్టుకొనవలెను. ముందే దద్దుర్లు ఉన్నవారు, ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దిగరాదు.

పీకిన మొక్కను ఎక్కడ వేస్తామన్నది పెద్ద ప్రశ్న. చాలా ఇళ్లలో అది నేరుగా దిబ్బలో పడుతుంది. పూత లేని మొక్క అయితే పేడతో కలిపి గుంతలో కుళ్లనిస్తే మంచి ఎరువే. పూత పట్టినదైతే దిబ్బకు పోరాదు. ఆ ఎరువు బండితో విత్తనం కూడా మన పొలానికి, పక్కవాని పొలానికి పోతుంది. అటువంటి మొక్కలను సంచిలో మోసి, దూరంగా ఎండబెట్టి కాల్చండి, లేదా లోతుగా పూడ్చండి.

తుంగ వేరే జాతి, వేరే తెలివి. విత్తనం కంటె గడ్డల మీద బతుకుతుంది. దానిని పైపైన గీకితే కింది గడ్డ మళ్లీ మొలక వేస్తుంది. పారతో నరికితే గొలుసుగా ఉన్న గడ్డలు విడిపోయి ఒకటి నాలుగవుతుంది. వేసవిలో తవ్వి గడ్డలను ఏరి ఎండలో పడవేయవలెను, తరువాత మొలకెత్తినప్పుడల్లా పదిహేను రోజులకొకసారి లాగుచుండవలెను. ఓపిక గల పని. తుంగకు నీడ గిట్టదు. కనుక తుంగ పట్టిన చోట ఏపీబీఎన్-1 వంటి నేపియర్ గడ్డి ఒత్తుగా నాటితే మేతా దొరుకుతుంది, తుంగా అణుగుతుంది.

గరికను మాత్రం కలుపు లెక్కలో వేయవద్దు. పొలంలో అది శత్రువే గాని ఇంటి దగ్గర అదే మన పచ్చిక. అది ఒత్తుగా ఉన్న చోట వయ్యారిభామ విత్తనానికి వెలుతురు తక్కువై మొలక సన్నగిల్లుతుంది. బోడిగా వదలిన నేలే దానికి ఇష్టం.

కలుపు మందుల గురించి నన్ను అడుగుతుంటారు. మేత కోసే పచ్చికలో మందు చల్లుట నాకు సమ్మతం కాదు. ఉప్పు నీరు (లీటరుకు 200 గ్రాములు) లేత వయ్యారిభామను మాడ్చుతుంది గాని గరికనూ మాడ్చుతుంది, నేలను చౌడు చేస్తుంది. గోడ వెలుపల బీడులో చల్లవచ్చు, పచ్చికలో వద్దు. 1983లో మెక్సికో నుండి తెచ్చి 1984లో బెంగళూరు వద్ద వదలిన పెంకు పురుగు వానాకాలంలో ఈ మొక్క ఆకులు తింటుంది. మీ దొడ్డి పక్కన కనిపిస్తే చంపవద్దు, కాని దానిని నమ్ముకొని చేతులు కట్టుకొని కూర్చోవద్దు. బీడు స్థలాలలో తంటెం మొక్కలను పెరగనిస్తే అవి దీనిని అణచివేస్తాయి.

ఒక్క ఇల్లు శుభ్రపడితే చాలదు. గాలికి, కాలువ నీటికి, పశువు గిట్టలకు అంటి విత్తనం వీధంతా తిరుగుతుంది. సంఘ భవనం ఆవరణ, పాలు పోసే దారి, పశువైద్యశాల చుట్టూ ముందుగా చూడండి. ఏటా ఆగస్టు 16 నుండి 22 వరకు దేశమంతటా వయ్యారిభామ నిర్మూలన వారంగా పాటిస్తున్నారు. మనకు ఆ సమయం బాగా కుదురుతుంది, ఎందుకనగా నేల తడిగా, మొక్క లేతగా ఉంటుంది.

ఆ సభ్యురాలు మేత మార్చిన నాలుగైదు రోజులకు పాల రుచి సరిపడినది. ఆపిన రెండు పూటల డబ్బు ఆమె ఖాతాకు జమ చేయవలెనని పాలకవర్గంచే తీర్మానం వ్రాయించి, నేను సంతకం చేసి వచ్చితిని.