ఫారం ఏదమ్మా?

అలా అడగ్గానే ఆవిడ సంచిలోంచి ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెట్టింది: ఖాళీ మాత్రల డబ్బా, రబ్బరుబ్యాండు చుట్టిన బస్సు టికెట్లు, భర్త మరణ ధ్రువపత్రం. ఫారం మాత్రం లేదు. "ఇంట్లో మా అత్తమ్మ కంటబడితే గొడవైపోతుందని మా ఆయనే ఆస్పత్రిలో ఉంచెయ్యమన్నాడంట సార్."

హెచ్‌ఐవీ కొత్త మందు ట్రయల్‌లో చేరినవాళ్ల కేసు నా దగ్గరికి రావడం ఈ ఏడాదిలో ఇది మూడోసారి. మూడింటిలోనూ ఇదే మాట. షుగరు మందు ట్రయల్‌లో చేరినవాళ్లు కాగితం పారేసుకుంటారు. వీళ్లు పారేసుకోరు, భయపడి తామే వదిలేసి వస్తారు. ఆ భయం నాకు తెలుసు. కానీ ఆ కాగితం అవతలివాళ్ల బీరువాలో ఉండిపోయాక ఏ మందు ఇచ్చారో, ఏ ప్రమాదాలు చెప్పారో, మీరు దేనికి ఒప్పుకున్నారో అంతా వాళ్లు చెప్పిందే వేదం.

2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం సమ్మతి ఫారం, సమాచార పత్రం కాపీలు మీ చేతికి ఇచ్చి తీరాలి. అడిగితే ఇచ్చేవి కావవి, అడక్కుండా ఇవ్వాల్సినవి. మేం దాస్తాంలే అంటే వద్దనండి. దాచమని మీరే అడిగే పని అసలే చెయ్యకండి.

మా కేసులో రెండు నోటీసులిచ్చాక జిరాక్సు వచ్చింది. చూస్తే నామినీ గడిలో అడ్డగీత! ట్రయల్ వల్ల మనిషి పోతే పరిహారం ఎవరికన్నది రాయాల్సిన గడి అది. గీత గీసినంతమాత్రాన భార్య హక్కు పోదు, పరిహారం వారసులదే. పోయేది కాలం. వారసత్వ పత్రం తెమ్మన్నారు. దానికోసం వెళితే అక్కడి గుమాస్తా పదిమందిలో "ఏం జబ్బుతో పోయాడమ్మా?" అన్నాడట. ఆ పత్రానికీ జబ్బు పేరుకీ ఏం సంబంధం? కోర్టు ఆదేశిస్తే తప్ప హెచ్‌ఐవీ సంగతి చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని 2017 నాటి హెచ్‌ఐవీ చట్టం చెబుతోంది. ఆ ముక్క ఆయన బల్ల దాకా ఎప్పటికి చేరుతుందో!

మా వాడి, అంటే ఆవిడ భర్త తప్పూ ఉంది, దాచను. అయిదో నెలలో కళ్లు పచ్చబడితే ట్రయల్ డాక్టరుకు ఫోన్ చెయ్యలేదు. పక్కూరు వెళ్లి పది రోజులు కామెర్ల పసరు తాగాడు. ప్రాణం మీదికొచ్చే అనారోగ్యమైతే డాక్టరు 24 గంటల్లో పైవాళ్లకు తెలపాలి, ట్రయల్‌కు సంబంధం లేదని తేలేదాకా వైద్యం ఉచితంగా చేయించాలి. ఆయనకు తెలిస్తే కదా! ఇప్పుడు అవతలి వకీలు ఆ పసరునే పట్టుకు వేలాడుతున్నాడు. ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఎథిక్స్ కమిటీ వాళ్లది ఏ నంబరో ఆ సమాచార పత్రంలోనే ఉంటుంది. చేతిలో ఉంటే ఆవిడైనా చదివేది.

చదువు రానివాళ్లయితే, వివరించడం మొదలైనప్పటి నుంచి చివరిదాకా నిష్పాక్షిక సాక్షి పక్కనే ఉండి సంతకం పెట్టాలి. ఒకరి బదులు ఇంకొకరు సంతకం గీకెయ్యడం మనకు కొత్తేం కాదు. ఖమ్మం జిల్లాలో హెచ్‌పీవీ టీకాలప్పుడు ఆడపిల్లల తరఫున హాస్టల్ వార్డెన్లు పెట్టిన సంతకాల మీద 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తలంటింది.

నాకు మిగిలిన ఆశ ఒక్క రికార్డింగు. హెచ్‌ఐవీ మందుల ట్రయల్‌లో వీడియో అక్కర్లేదు గానీ, ఒక్కొక్కరికీ ఏం వివరించారో, వాళ్లకేం అర్థమైందో ఆడియో తీసి భద్రపరచాలి. వినిపించమని రాసి నెల దాటింది. ఉలుకూ పలుకూ లేదు.

పరిహారం లెక్కకు జీతంతో పనిలేదు. 8 లక్షల మూలం మీద వయసునీ జబ్బు తీవ్రతనీ బట్టి కడతారు. మరణం ట్రయల్ వల్లేనని తేలి ఉత్తర్వు వస్తే, అందిన 30 రోజుల్లో స్పాన్సర్ చెల్లించాలి. పేరు పేపర్లో పడుతుందేమోనని ఆవిడ బెంగ. మారుపేరుతో, బయటివాళ్లు లేకుండా విచారించమని కోర్టును కోరొచ్చు. కోరాం.

కాగితం ఇంట్లో పెట్టుకోలేని పరిస్థితి అయితే ఫోనులో ఫొటో తీసుకుని, అసలు కాపీని నమ్మకస్తుల దగ్గర ఉంచండి. ఆస్పత్రిలో మాత్రం వద్దు. నా బీరువాలో అలాంటి కవర్లు రెండున్నాయి. ఒకాయన తన కవరు మీద "పొలం కాగితాలు" అని రాసుకున్నాడు.