కాయకము కాని సంపాదన

కాప్రా పనివారి సీమ. 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వెలసిన పిదప ఇచ్చటి పల్లెలు కాలనీలైనవి. చర్లపల్లి, మల్లాపురము, ఆ ప్రక్కనే నాచారము పారిశ్రామిక వాడలైనవి. నేటికిని తెల్లవారకముందే టిఫిను డబ్బాలు చేతబట్టి షిఫ్టులకు పోవువారితో ఉప్పల్ దారి నిండియుండును. ఇట్టి చోటికి 2025 సెప్టెంబరులో మహారాష్ట్రలోని మీరా-భాయందర్ పోలీసులు వచ్చి, చర్లపల్లిలో ఒక రసాయన కర్మాగారముపై దాడి చేసి, అందు మెఫెడ్రోన్ అను మత్తుమందు తయారగుచున్నదని ప్రకటించిరి. ముంబయి సమీపమున ఒక స్త్రీ వద్ద దొరికిన సుమారు నూరు గ్రాముల పొడియే వారిని ఇంత దూరము నడిపించినది. పని కరవైన ఊరిలో ఈ సరుకు పుట్టియున్నచో కారణము సులభముగా దొరికెడిది. అది పనుల నడుమనే పుట్టినది.

అదే నెలలో ఓల్డ్ బోయిన్‌పల్లిలో ఒక పాఠశాల భవనమున ఆల్ప్రాజోలం తయారీ బయటపడినది. దానిని పట్టుకొన్నవారు ‘ఈగల్’ అధికారులు. 2023లో ఏర్పడిన మాదకద్రవ్య నిరోధక విభాగమునకు 2025 జూనులో వచ్చిన పేరది. ఒకవంక పిల్లలకు పాఠములు, మరియొకవంక పొయ్యిపై మందు! బడి గల చోట వృత్తి లేదనుటకు వీలు లేదు. కావున “పనిలేనివాడే ఈ పాడుపనికి దిగును” అను లోకుల మాట సగమే నిజము. ఆ రెండవ సగమును విచారింపవలసియున్నది.

గంజాయి మొదట కొండలలో పండును. ఒడిశాలోని మల్కన్‌గిరి, కోరాపుట్ జిల్లాలలోను, ఇటు పాడేరు, చింతపల్లి మన్యములోను వెలుపలి వ్యాపారి గిరిజన రైతునకు విత్తనమిచ్చును, బయానా ఇచ్చును, పంటను తానే వచ్చి తీసికొనిపోవును. పసుపు పండించినవాడు దానిని సంతకు మోసి ధరకై పడిగాపులు పడవలెను. 2021లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేర వేల ఎకరముల గంజాయి తోటలు నరికించిరి. నరికిన నేలలో వేరొక పంట వేయించుట ఒక ఎత్తు. ఆ పంటకు ముందుగా రొక్కమిచ్చి కొనువానిని తెచ్చుట మరియొక ఎత్తు.

కొండ దిగిన సరుకు భద్రాచలము దారినో, రైలులోనో హైదరాబాదు చేరును. అందులో కొంత ఇచ్చట చిన్న పొట్లములగును. తక్కినది మహారాష్ట్ర దిక్కుగా సాగిపోవును. దానిని మోయువాడు సామాన్యముగా దానికి యజమాని కాడు. కొన్నివేల రూపాయల కూలికి సంచి పట్టుకొన్నవాడు. అతడు ఏల ఒప్పుకొనెను? కంట్రాక్టరు క్రింద కర్మాగారమున చేరిన యువకునకు తొలి జీతము నెల దాటినగాని చేతికి రాదు. ఆ లోపల గది అద్దె ఆగదు, తల్లి మందులు ఆగవు, ఫోనులో తీసికొన్న అప్పువాని పిలుపులు ఆగవు. సంచి అప్పగించువాడు సర్టిఫికెట్టు అడుగడు, అనుభవమడుగడు, ఆనాడే చేతిలో నోట్లు పెట్టును. ఆశకంటె తొందరయే ఎక్కువమందిని ఇందులోనికి దింపుచున్నది. ధనాశ తరువాత వచ్చును.

అయితే ఆ కూలిలో ఒక భాగము లెక్కకు రాకుండ దాగియున్నది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము ఒక కిలో వరకు గంజాయి స్వల్ప పరిమాణము. దానికి ఒక సంవత్సరము వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండును. అంతకు మించినచో పది సంవత్సరముల వరకు శిక్ష. ఇరువది కిలోలకు మించి దొరికినచో పదేండ్లకు తక్కువ కాని, ఇరువదేండ్ల వరకు పోగల కఠిన కారాగారము, లక్షకు తగ్గని జరిమానా. బెయిలు దొరకుటయు దుర్లభము. చట్టము చూచునది సంచి బరువును. సొంతదారుడా, కూలివాడా అని దానికి పట్టింపు లేదు. ఇరువది కిలోలకు మించి కారులో ఎక్కించుకొన్న కూలివాడు తన యౌవనమును పణముగా పెట్టి కొన్నివేలు పుచ్చుకొన్నట్లు. యజమాని తెర వెనుకనే యుండును.

ఈ లెక్క ఒక్క మనదేశమునకు చెందినది కాదు. అమెరికాలోని చికాగోలో సుధీర్ వెంకటేశ్ అను భారతీయ సంతతి సామాజిక శాస్త్రజ్ఞుడు ఒక ముఠా నడుమ చాలకాలము మెలగి, వారి జమాఖర్చుల పుస్తకములను సంపాదించెను. స్టీవెన్ లెవిట్ అను ఆర్థికవేత్తతో కలిసి 2000లో వానిని పరిశీలించి ప్రకటించెను. వీధిలో నిలిచి అమ్మువానికి గంటకు వచ్చునది ఆ దేశపు కనీసవేతనమునకు అటునిటుగానే యుండెను. పై నాయకునకు మాత్రము వేల డాలర్లు. ఐనను క్రిందివాడు అంటిపెట్టుకొని యుండుటకు కారణము, నేడో రేపో తానును నాయకుడగుదునను భ్రమ. లాటరీ టిక్కెట్టు కొనువాని మనస్సిది. అంతకుముందు 1990లో వాషింగ్టన్ నగరమున పీటర్ రాయిటర్ బృందము చేసిన పరిశోధనలో, అమ్మువారిలో అనేకులు పగలు ఉద్యోగములు చేయుచునే, సాయంకాలములందు ఈ వ్యాపారము నడుపుచున్నట్లు తేలెను. ఉద్యోగమునకు బదులుగా కాక ఉద్యోగమునకు తోడుగా ఇది చేరుననుట ఇంటి పెద్దలు ప్రత్యేకముగా గమనింపదగిన సంగతి. కుమారుడు ప్రతిదినము డ్యూటీకి పోవుచున్నాడను ధైర్యము చాలదు.

మరియొక కారణము మత్తే. మొదట మిత్రునితో కలిసి త్రాగినవాడు, తన ఖర్చు తాను గడుపుకొనుటకై నలుగురికి తెచ్చిపెట్టును. వ్యాపారినని అతడెన్నడు అనుకొనడు. ఇట్టివాడు స్వల్ప పరిమాణమునకే చిక్కి, తానుగా ప్రభుత్వము గుర్తించిన వైద్యశాలలో చికిత్సకు పూనుకొన్నచో, అదే చట్టములోని 64-ఎ సెక్షను అతనిని విచారణనుండి కాపాడును. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో ఇట్టి చికిత్స కలదు. 14446 అను నంబరునకు ఫోను చేసినను దారి చూపుదురు. పరువు పోవునని దాచిపెట్టు ఇండ్లలో ఈ అవకాశము వృథా యగుచున్నది.

ధూల్‌పేట కథ వేరు. అక్కడ గణేశ విగ్రహములు చేయుదురు, గాలిపటములు చేయుదురు. రెండును పండుగ నెలల పనులే. మిగిలిన నెలలకు ఒకప్పుడు గుడుంబా బట్టీలు కూడు పెట్టినవి. ప్రభుత్వము బట్టీలు ఆర్పి, పునరావాసము పలికెను. ఐనను 2024లో ఎక్సైజు శాఖవారు ‘ఆపరేషన్ ధూల్‌పేట’ పేర గంజాయిపై దాడులు చేయవలసివచ్చెను. ఖాళీ నెలలను నింపు కాయకము చూపనిచోట ఒక విషము పోయి మరియొక విషము వచ్చి కూర్చుండును.

బోయిన్‌పల్లిలో దొరికిన ఆల్ప్రాజోలం వంటి సరుకు ఎక్కువగా చేరునది కల్లు దుకాణములకు. చెట్టునుండి దిగు కల్లు కొంతయే; అడుగువారు అనేకులు. నీళ్లకు మత్తు తెప్పించుటకు చిటికెడు పొడి చాలును. 2015లో నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతములలో కల్తీని అరికట్టగా, అలవాటుపడిన వందలమంది ఆ మందు అందక వణుకుతో, మతిచలనముతో ఆసుపత్రుల పాలైరి. త్రాగినవారు తమకు పట్టినది మందు వ్యసనమని అంతవరకు ఎరుగరు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు పలువురి ప్రాణములు తీసెను. గీత కార్మికుడు ప్రాణములకు తెగించి తాడి ఎక్కి గీయు కల్లు వేరు, ఈ పొడినీళ్లు వేరు. బసవేశ్వరుని కాలపు శరణులలో హెండద మారయ్య కల్లు అమ్మువాడే, వచనములు చెప్పినవాడు. త్రాగవచ్చినవారికి హితబోధ చేసి మరలించుచుండెనని సంప్రదాయము. ఆయన తాను అమ్మునది ఏమిటో, అది కొన్నవానిని ఏమి చేయునో ఎరిగి, వాని ముఖము చూచి మాటలాడగలిగెను. పొడి కలుపువాడు తన బేరగాని ముఖము చూడజాలడు.

కాయకమునకు కొలత శ్రమ ఒక్కటే యైనచో గంజాయి మోయువాని శ్రమయు తక్కువది కాదు. రాత్రులు మేలుకొనును, అడవి దారులు నడచును. శూన్యసంపాదనలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ చదివినవారికి ఇచ్చట ఒక వెలుగు దొరకును. ఆయ్దక్కి యనగా ఏరిన బియ్యము. రాయచూరు సీమలోని అమరేశ్వరమునుండి కల్యాణము చేరిన ఆ దంపతులకు, మహామనె ముంగిట రాలిన బియ్యము ఏరి దాసోహము చేయుటయే కాయకము. ఒకనాడు మారయ్య ఎప్పటికంటె ఎక్కువ తెచ్చెను. అది దొంగసొత్తు కాదు. ఎవరిని మోసగించి తెచ్చినదియు కాదు. ఐనను లక్కమ్మ సంతోషింపక, ఈ మిగులు ఎక్కడిదని అడిగి, ఎక్కువైనదానిని తెచ్చిన చోటనే పోసి రమ్మని పంపెను.

నేటి ఇండ్లలో ఈ ప్రశ్న మూగవోయినది. పదునైదువేల జీతగాడు లక్షన్నర బండి తెచ్చిన దినమున హారతి పట్టుదురు. మూతపడిన షెడ్డుకు మార్కెటు ధరకు రెండింతలు అద్దె ఇచ్చి, రాత్రివేళ మాత్రమే పని చేయువాడు వచ్చినచో, అతడు చేయు పని యేమని అడుగరు. తెలిసి చోటిచ్చినవానికిని ఆ చట్టమే శిక్ష విధించును. మఠమునకు వచ్చిన పెద్దచందా విషయమునను ఇట్లే మౌనము. మారయ్య చేతి సంచి బరువు గడపలోనే తెలిసినది, ఎత్తి చూచుటకు లక్కమ్మ యున్నది గనుక.

చర్లపల్లి కేంద్ర కారాగారము ఆ పారిశ్రామిక వాడకు చేరువలోనే యున్నది. లోపల ఖైదీలు ఇనుప బీరువాలు, బల్లలు, సబ్బులు చేయుదురు. వారి పనికి దినకూలి కట్టి, ఎవరి పేర వారికి జమ వేయుదురు.