సున్నము: పదచరిత్ర, వృత్తిచరిత్ర

తెలుగు 'సున్నము', కన్నడ 'సుణ్ణ', తమిళ 'చుణ్ణాంబు', హిందీ 'చూనా' అను పదములకు మూలము సంస్కృత 'చూర్ణ' శబ్దము. పొడి యను సామాన్యార్థము కాల్చిన రాతిపొడి యను విశేషార్థముగా సంకోచము నొందినది. అంకెను దెలుపు 'సున్న' వేఱు. అది 'శూన్య' శబ్దభవము.

పేరు అన్యభాషాగతమైనంత మాత్రమున వృత్తియు నట్టిదే యని నిర్ణయింపరాదు. 'బట్టీ' హిందీనుండి వచ్చినది. కాని ముడిసరకును దెలుపు 'రాయి', 'గుల్ల', పనిని దెలుపు 'కాల్చు' అనునవి దేశ్యములు. రాతిని కాల్చగా రాతిసున్నము, నత్తగుల్లలను కాల్చగా గుల్లసున్నము ఏర్పడును. కాల్చినదానిని నీటితో విరియజేసి, ఇసుక చేర్చి, ఎద్దులు త్రిప్పు రాతిచక్రము క్రింద నూఱినది గానుగసున్నము. శుద్ధమైన రాయి 100 పాళ్లు సుమారు 900 డిగ్రీల వేడిమిని పూర్తిగా కాలినచో 56 పాళ్లే మిగులును. తక్కినది వాయురూపమున పోవును.

అమరావతి శిల్పములు పలనాటి సున్నపురాతివి. వానిలో పెక్కు పలకలు బట్టీల పాలైనవి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన పలకలు కొన్ని నేడు లండనులోని బ్రిటిషు మ్యూజియమున నున్నవి. కళాచరిత్రకారులు ఈ నష్టమును వ్రాసిరి. కాల్చినవారి పనితీరు మాత్రము వారి పలుకుబడిలోనే నిలిచినది.

సిమెంటు వచ్చిన పిదప గానుగలు మూలబడినవి. 'ఒక కంట వెన్న, ఒక కంట సున్నము' అను సామెత మాత్రము నిలిచినది. సున్నము కంటిని కాల్చునని ఎఱిగినవారు కల్పించిన మాట యది. ఆ వృత్తివారిలో వృద్ధులు జీవించియుండగనే వారి పదములను సేకరించుట నిఘంటుకారుల కర్తవ్యము.