ఊరి మురుగునీటికి మూడు కుంటలు



"సిస్టరమ్మా, మాత్ర ఏయించాం గదా, మళ్ళీ పురుగులెలా వచ్చినియ్యి?" అని తల్లులు మమ్మల్ని తరచుగా అడుగుతారు. మాత్ర కడుపులోని పురుగును చంపుతుంది గాని వీధిలోని గుడ్లను చంపదు. ఒక ఆడ ఏలికపాము రోజుకు రెండు లక్షల వరకు గుడ్లు పెడుతుంది. అవి మలముతో బయటకు వచ్చి తడిమట్టిలో నెలల తరబడి బ్రతుకుతాయి.

మరుగుదొడ్డి ఉన్న ఇళ్ళలో కూడా ఇది తప్పటం లేదు. ఉప్పాడ వంటి సముద్రపు ఒడ్డు ఊళ్ళలో భూగర్భజలం పైపైనే ఉంటుంది. వానాకాలంలో ఇంకుడుగుంత నీరు పీల్చదు. సెప్టిక్ ట్యాంకు పొర్లి ప్రక్క కాలువలో పడుతుంది, ఆ కాలువ ప్రక్కనే పిల్లలు ఆడుకుంటారు.

దీనికి కరెంటు, యంత్రాలు అక్కరలేని పద్ధతి ఒకటున్నది. వరుసగా మూడు కుంటలు త్రవ్వి మురుగును నెమ్మదిగా ఒకదాని నుండి మరొకదానిలోకి పంపుతారు. మొదటిది రెండు నుండి ఐదు మీటర్ల లోతు. మడ్డి అడుక్కు దిగి, గాలి తగలకుండా కుళ్ళుతుంది. వాసన వచ్చేది ఇక్కడే. రెండవది సుమారు మీటరున్నర లోతు, పచ్చగా ఉంటుంది. అది చూసి కుంట పాడైందంటారు చాలామంది. కాదండీ, పని చేసేది ఆ పచ్చదనమే! కంటికి కనబడనంత సన్నని నాచు ఎండలో ప్రాణవాయువును ఇస్తుంది, దానితో సూక్ష్మజీవులు మురికిని తినివేస్తాయి. మూడవ కుంటలో ఎండకు, నాచు వలన పెరిగే క్షారగుణానికి విరేచనాలు కలిగించే క్రిములు చాలావరకు చస్తాయి.

పురుగు గుడ్డు మాత్రం గట్టిది, ఎండకు త్వరగా చావదు. బరువుకు అడుక్కు దిగవలసిందే, అందుకు రోజులు కావాలి. పొలాలకు పారించే నీటిలో లీటరుకు ఒక గుడ్డుకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1989లో చెప్పింది. అందుకు నీరు కుంటలలో ఎనిమిది నుండి పది రోజులు నిలవాలి. గట్టు తెగి రెండు రోజులకే నీరు దాటిపోతే కుంటలున్నా లేనట్లే.

స్థలం ఎంత కావాలి? వెయ్యిమంది నుండి మనిషికి 40 లీటర్ల మురుగు వస్తుందనుకుందాము. పదిహేను రోజులు నిలపాలంటే, మీటరున్నర లోతున పది సెంట్ల నీటి వైశాల్యము చాలు, గట్లకు వేరే. అయితే స్థలం ఇళ్ళకు కనీసం 200 మీటర్ల దూరం ఉండాలి. ఇక్కడ సముద్రం ఏటేటా ఒడ్డును కోస్తున్నది గనుక ఒడ్డు వైపు అసలే వద్దు. ఇసుకనేల కాబట్టి అడుగున బంకమట్టి పరవాలి, లేకపోతే బోరునీరు పాడవుతుంది.

గుర్రపుడెక్క పెరగనిస్తే ఎండ లోపలికి దిగదు, నాచు చస్తుంది. గట్ల వెంట గడ్డి పెరిగితే బోదకాలు దోమకు అదే ఇల్లు. నూలు అద్దకం రంగునీళ్ళు కూడా అందులోకి వదలకూడదు, ముదురు రంగు వెలుగును ఆపుతుంది. కలకత్తా తూర్పున మురుగునీటి చెరువులలోనే బెస్తవారు చేపలు పెంచుతారు. 2002లో ఆ చెరువులు రామ్‌సర్ జాబితాలో చేరాయి. అటువంటి చేపను బాగా ఉడికించి తినాలి.

2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ రెండవ దశలో ఇళ్ళలో వాడి వదిలిన నీటి శుద్ధికి ఇటువంటి కుంటలు కూడా చేర్చారు. గ్రామసభలో అడిగేటప్పుడు త్రవ్వటం గురించే గాక, గట్టు ఎవరు చూస్తారు, మడ్డి ఎవరు తీస్తారు అని కూడా అడగండి. కొన్నేళ్ళకొకసారి తీసే ఆ మడ్డిలో గుడ్లు ఇంకా బ్రతికే ఉంటాయి. తీసేవారికి చేతి తొడుగులు, బూట్లు ఇవ్వాలి, పచ్చిమడ్డిని కూరగాయల మడులకు వేయకూడదు.