గ్యాసు, పెట్రోలు విడిచి విద్యుత్తు పట్టుటలో లాభమెంత?

ఈ నడుమ మన సంఘమునకు వచ్చు ఋణపు అర్జీలలో కరెంటుతో నడచు స్కూటరు కొఱకని వ్రాసినవి కొన్ని కనబడుచున్నవి. వంటకు గ్యాసు మాని కరెంటు పొయ్యి కొందుమా యని యడుగు సభ్యులును గలరు. ఈ రెండింటిని ఒకే గాటను గట్టి మాటలాడుట పరిపాటియైనది. లెక్క వేసి చూచినచో రెండును ఒకటి కావు. ఆ భేదము తెలిసికొనిన పిమ్మటనే అప్పు మాట తలపెట్టుట మేలు.

మొదట వంట సంగతి. 14.2 కిలోల సిలిండరు అంతయు మండినచో పుట్టు వేడి, కరెంటు కొలతలో సుమారు 180 యూనిట్లకు సమానము. అందు గిన్నెకు చేరునది మూడింట రెండు పాళ్లు, అనగా 120 యూనిట్లు. తక్కినది గిన్నె ప్రక్కలనుండి గాలిలో గలియును. ఇండక్షను పొయ్యిలో మంట లేదు. అద్దపు పలక క్రింది రాగితీగ చుట్టలో ప్రవాహము మిక్కిలి వేగముగా దిశ మార్చుకొనుచుండుటచే, పైనున్న ఇనుప గిన్నె అడుగునందే వేడి పుట్టును. నూటికి 85 పాళ్లు పనికి వచ్చును. కావున అదే వంటకు మీటరులో తిరుగునది సుమారు 140 యూనిట్లు. ఈ 140 అను సంఖ్యను జ్ఞాపకముంచుకొనుడు. యూనిటు 3 రూపాయలయినచో 420 రూపాయలు, 6 అయినచో 840, 8 అయినచో 1,120. మీరు సిలిండరునకిచ్చు వెలతో పోల్చి చూచుకొనుడు.

ఇచ్చట నొక చిక్కు గలదు. ఇంటి బిల్లు మెట్లు మెట్లుగా పెరుగును. క్రొత్తగా చేరు యూనిట్లు పై మెట్టు ధరకు పడును గాని క్రింది మెట్టు ధరకు గాదు. తెలంగాణములో 2024 నుండి గృహజ్యోతి పథకము క్రింద నెలకు 200 యూనిట్ల లోపు వాడు అర్హ కుటుంబములకు బిల్లు లేదు. వంట వలన ఆ హద్దు దాటినచో ఆ నెల బిల్లంతయు గట్టవలసి వచ్చును.

గిన్నెల మాట మఱవరాదు. అయస్కాంతము అడుగునకు అంటుకొనిన గిన్నెయే ఇండక్షను పొయ్యికి పనికివచ్చును. సిల్వరు గిన్నెలు, ఇత్తడి, రాగి, మట్టికుండ పనికిరావు. దోసెల ఇనుప పెనము చక్కగా పనిచేయును. వంకాయ కాల్చి పచ్చడి చేయుటకు మాత్రము మంట కావలసినదే. ఈ యొక్క కారణముచేతనే మా యింట గ్యాసు పొయ్యి నేటికిని ఉన్నది.

మఱియొక సంగతి అనుభవముచే నేర్చితిని. 2,000 వాట్ల పొయ్యి దాదాపు 9 ఆంపియర్లు లాగును. నేను దానిని ఫ్యాను ప్లగ్గునకు, అనగా 6 ఆంపియర్ల దానికి, తగిలించితిని. నాలుగవ నాటికి ప్లగ్గు కరగి గోడ నల్లబడినది. పొయ్యిలో దోషము లేదు, దోషము నాది. 16 ఆంపియర్ల ప్లగ్గు, దానికి వేఱుగా మందపు తీగ, సరియైన ఎర్తు లేనిదే ఈ పొయ్యి కొనవలదు.

ఇక బండి. ఇందు లాభము వేఱు విధముగా నున్నది. గ్యాసు పొయ్యికి వేడియే కావలెను గనుక అందు వృథా తక్కువ. పెట్రోలు ఇంజనునకు చలనము కావలెను. కాని మండిన నూనెలో సుమారు ముప్పాతిక భాగము వేడిగానే పోవును. కరెంటు మోటారులో అంత నష్టము లేదు. లీటరుకు 45 కిలోమీటర్లు నడచు స్కూటరును, యూనిటుకు 30 కిలోమీటర్లు నడచు స్కూటరును పోల్చుదము. 45 కిలోమీటర్లకు ఒకదానికి లీటరు పెట్రోలు, రెండవదానికి ఒకటిన్నర యూనిటు.

పెట్రోలు 100 రూపాయలనియు యూనిటు 6 రూపాయలనియు అనుకొందము. దినమునకు 20 కిలోమీటర్లు తిరుగు పాలవ్యాపారికి ఏటికి 7,300 కిలోమీటర్లగును. పెట్రోలునకు సుమారు 16,200 రూపాయలు, కరెంటునకు సుమారు 1,460. మిగులు 14,700కు పైన. కరెంటు బండికి అధికముగా 40,000 అప్పు చేసినను కొద్ది యేండ్లలో తీరును. ఇంటినుండి చేనికి, చేనినుండి ఇంటికి 5 కిలోమీటర్లు మాత్రమే నడపువానికి మిగులు ఏటికి 3,700 మాత్రమే. 40,000కు నూటికి 10 వంతున వడ్డీయే 4,000. అతనికి పాత బండి నడిచినంత కాలము నడుపుకొనుటయే యుక్తము.

బ్యాటరీ ఏండ్లు గడచిన కొలది బలము తగ్గును. హామీ ఎన్ని యేండ్లకో, ఎన్ని కిలోమీటర్లకో కాగితముపై చూచుకొనవలెను. ఎండలో తిరిగి వచ్చిన బండిని చల్లారనిచ్చి చార్జి పెట్టవలెను. బండితో వచ్చిన చార్జరునే వాడవలెను. పండుకొను గదిలోను, వాకిలికి అడ్డముగాను చార్జి పెట్టరాదు. పంపుసెట్టునకిచ్చిన ఉచిత కరెంటుతో బండి నింపుట చట్టవిరుద్ధము; పట్టుబడినచో వచ్చు జరిమానా పెట్రోలు ఖర్చును మించవచ్చును.

కావున ఋణము కోరు సభ్యులు అర్జీతోపాటు మూడు నెలల కరెంటు బిల్లులు, దినమునకు ఎన్ని కిలోమీటర్లు నడుపుదురో వ్రాసిన చీటి తెచ్చినచో, ఈ లెక్క సంఘము కార్యాలయములో వారి యెదుటనే వేసి చూపబడును.