భూమి తిరిగొచ్చినప్పుడు: సింగూరు నేర్పే పాఠం

ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. రిటైరైన వారిలో కొందరు చుట్టుపక్కల పల్లెల్లో భూమి కొని, ఆ కాగితాలతో మన శాఖకు రుణం కోసం వస్తారు. రుణాల విభాగం చూసే నేను కొత్త సహోద్యోగులకు ముందుగా చెప్పేది ఒకటే: ఈ భూమి ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో అడగండి. అది ఎంత ముఖ్యమో ఇదే రాష్ట్రంలోని సింగూరు ఉదంతం చెబుతుంది.

ఏం జరిగింది?

హుగ్లీ జిల్లాలోని సింగూరులో 2006లో అప్పటి వామపక్ష ప్రభుత్వం టాటా మోటార్స్ నానో కార్ల కర్మాగారం కోసం దాదాపు 997 ఎకరాలు సేకరించింది. కొందరు రైతులు పరిహారం తీసుకోవడానికి ఒప్పుకోలేదు. ఆందోళనల మధ్య 2008 అక్టోబరులో కంపెనీ గుజరాత్‌లోని సాణంద్‌కు తరలిపోయింది. భూమి వెనక్కి ఇవ్వడానికి 2011లో కొత్త ప్రభుత్వం చేసిన చట్టాన్ని మరుసటి ఏడాది కలకత్తా హైకోర్టు కొట్టేసింది. చివరకు 2016 ఆగస్టు 31న సుప్రీంకోర్టు ఆ భూసేకరణనే రద్దు చేసి, 12 వారాల్లో భూమిని అప్పగించమంది. పదేళ్లు జీవనాధారం పోయింది కాబట్టి, తీసుకున్న పరిహారాన్ని రైతులు తిరిగి కట్టనక్కర్లేదనీ చెప్పింది.

ఇతర దేశాల దారి

కమ్యూనిస్టు పాలన ముగిశాక తూర్పు యూరప్ దేశాలకు కూడా ఇలాంటి ప్రశ్నే ఎదురైంది. అక్కడ జరిగింది జప్తు, ఇక్కడ జరిగింది సేకరణ. చట్టరీత్యా రెండూ వేరు. చెకోస్లొవేకియా 1991 చట్టాలతో, 1948 ఫిబ్రవరి తర్వాత లాక్కున్న ఆస్తులను వీలైనచోట ఆస్తిగానే తిరిగి ఇచ్చింది. హంగరీ ఆస్తికి బదులు పరిహార పత్రాలు ఇచ్చింది. భూముల వేలంలో వాటిని వాడుకోవచ్చు. మొదటి పద్ధతిలో పాత యజమానికి తన ఆస్తే దక్కుతుంది. రెండో పద్ధతిలో ఇప్పుడు అనుభవిస్తున్నవారికి ఇబ్బంది తక్కువ.

కాగితం వేరు, పొలం వేరు

సింగూరు రైతులకు 2016 సెప్టెంబరులోనే పర్చాలు పంచడం మొదలైంది. కానీ పొలాల్లో షెడ్లు, కాంక్రీటు మిగిలి ఉన్నాయి. గట్లు చెరిగిపోయాయి. అవి తొలగించి, హద్దులు మళ్లీ వేస్తే తప్ప నాగలి దిగదు. హక్కు తిరిగొచ్చిన రోజూ, పంట చేతికొచ్చే రోజూ ఒకటి కావు. ఈ మధ్య కాలంలో రైతు ఇల్లు ఎలా గడుస్తుందన్నదే అసలు ప్రశ్న.

మనం చూడాల్సినవి

1. మనకు సర్వే నంబరు ఎలాగో ఇక్కడ దాగ్ నంబరు అలాగ. యజమాని వివరాలు ఖతియాన్‌లో ఉంటాయి. రెండూ దస్తావేజుతో సరిపోవాలి.
2. 1978లో మొదలైన ఆపరేషన్ బర్గాతో పాలుకు సాగుచేసే బర్గాదార్ల పేర్లు రికార్డుకెక్కాయి. అలాంటి పేరుంటే, యజమాని సంతకం ఒక్కటే చూసి సరిపెట్టుకోకూడదు.
3. ఆ భూమిపై సేకరణ నోటిఫికేషన్, కోర్టు ఉత్తర్వు ఉన్నాయేమో లాయరు నివేదికలో స్పష్టంగా రాయించాలి.
4. రైల్వే క్వార్టర్లో ఎన్నేళ్లున్నా అది సొంత ఆస్తి కాదు. దాన్ని తనఖాగా తీసుకోలేం.
5. పొలం స్వయంగా చూడాలి. సాగుకు పనికిరాని నేలపై పంట రుణం ఇస్తే రైతు నెత్తిన అప్పు మిగులుతుంది, మన పుస్తకాల్లో మొండి బాకీ మిగులుతుంది.