కణములోని కూల్చుశాల

మనము తిన్న పప్పులోని మాంసకృత్తులను చీల్చుటకు జీర్ణరసమే చాలును. అందులకు వేరుగా శక్తిని వెచ్చింప నక్కరలేదు. కాని జీవకణము తన లోపల అక్కర తీరిన మాంసకృత్తును విరుగగొట్టునపుడు శక్తిని ధారపోయుచున్నది. కట్టుటకు ఖర్చగుట సహజమే; కూల్చుటకు ఖర్చేల? ఈ ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలకాలము వేధించినది.

పెరంబూరు బాలబాలికలకు కర్మాగారము క్రొత్త కాదు. 1955 అక్టోబరు 2న ఇచ్చట ప్రారంభమైన రైలుపెట్టెల కర్మాగారము పెట్టెలను కట్టుచున్నది. కణమునందు మాంసకృత్తులను కట్టునది రైబోసోము, కూల్చునది ప్రోటియాసోము.

ప్రోటియాసోము నడిభాగము పీపావంటిది. గాజులను ఒకదానిపై నొకటి పేర్చినట్లు నాలుగు వలయములు, వలయమునకు ఏడేసి ఖండములు, వెరసి 28. పొడవు సుమారు 15 నానోమీటర్లు. అనగా ఒక్క మిల్లీమీటరులో ఇట్టి పీపాలు 66,000 వరుసగా నిముడును! 1997లో జర్మనీలో రాబర్టు హూబరు బృందము ఈస్టు కణములోని పీపా నిర్మాణమును ఎక్సు కిరణములచే తేటపరచినది. కోత కోయు స్థానములు ఆరు. అవి వెలుపల లేవు, నడిమి రెండు వలయముల లోపలితట్టున దాగియున్నవి. చివరి వలయముల తోకలు ద్వారమును మూసియుంచును. కత్తులు బయటనే యున్నచో కణము తన్ను తానే కోసికొనెడిది గదా!

పీపా కొనయందు టోపీవంటి మరియొక భాగము కలదు. కూల్చదగిన మాంసకృత్తునకు 76 అమైనో ఆమ్లములుగల యుబిక్విటిన్ అను చిన్న మాంసకృత్తు గుర్తుగా తగిలింపబడును. సాధారణముగా నాలుగో, అంతకు మించియో గొలుసుగా నుండును. టోపీ ఆ గొలుసును పట్టి, యుబిక్విటిన్‌ను చెడకుండ విడదీసి మరల వాడుకకు పంపును. దారపుండవలె చుట్టుకొన్న మాంసకృత్తును విప్పి, సన్నని ద్వారమున లోనికి త్రోయును. గుర్తు తగిలించుటకును, విప్పి త్రోయుటకును ఏ.టి.పి. అను పదార్థము శక్తి నిచ్చును. ఖర్చంతయు కోతకు గాదు, ఎంపికకు!

ఈ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డులో ఫిస్కేతో కలసి కనుగొన్నవాడు మన యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరమున పుట్టి, చెన్నపురి వైద్య కళాశాలలో చదివినవాడు. (జర్మనీలో లోమాను కూడ అదే యేట దానిని కనుగొనెను.) యుబిక్విటిన్ రహస్యమును విప్పిన సీకనోవరు, హెర్ష్కో, రోజు అనువారికి 2004లో రసాయన శాస్త్రమున నోబెలు బహుమానము లభించినది.

మైలోమా యను క్యాన్సరునందు రోగకణములు మాంసకృత్తులను విస్తారముగా తయారుచేయును. అందుచే వానికి కూల్చుశాల అక్కర మిక్కిలి హెచ్చు. ఆ కత్తులను అడ్డు బోర్టెజొమిబ్ అను మందునకు 2003లో అమెరికా అనుమతి నిచ్చినది. చెత్త పేరుకొని ఆ కణములు చచ్చును.